కొత్త వలలో మొదటి పిట్ట

పగిడయ్య అల్లిన వలను ఎండకు పట్టి చూస్తే కళ్ళన్నీ ఒక్క కొలతలో కనబడతాయి. మొదటి మూరెడు ఎవరికైనా బాగానే వస్తుంది. ఆ తర్వాత వేళ్ళు అలుస్తాయి, ముడి వదులవుతుంది, కన్ను సాగుతుంది. సాగిన కంటిలో పిట్ట తల దూరి మెడ బిగుసుకుంటుంది. మిగతా వలగాళ్ళ బుట్టల్లో బతికినవెన్ని ఉంటాయో చచ్చినవీ అన్నే ఉండేవి. పగిడయ్య వలలో పిట్ట చచ్చిందని మాత్రం ఎవరూ అనలేదు.

దుమ్ముగూడెం దాటాక గోదావరి గట్టు మీద ఆయన పల్లె. ఇంటిపేరు వేరే ఉన్నా ఊరంతా ఆ ఇంటిని వలోళ్ళ ఇల్లు అనే అంటుంది. తాతా తండ్రీ కౌజులూ గువ్వలూ పట్టి భద్రాచలం సంతలో అమ్మి బతికారు. వాళ్ళది గుంజుడు వల. నేల మీద రెండు రెక్కల్లా పరిచి, దూరంగా పొదలో కూర్చుని తాడు గుంజితే రెండు రెక్కలూ లేచి ఒకదాని మీద ఒకటి వాలతాయి. గుంజడం ఎవరైనా నేర్చుకుంటారు. పిట్ట వల మధ్యకు వచ్చేదాకా గుంజకుండా ఆగడమే కష్టం.

పిట్టల్ని పట్టడం నేరమని పగిడయ్యకు తెలుసు. తెలిసీ పట్టాడు. కొన్నేళ్ళ కింద ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ రామన్న ఆయన్ని గువ్వల బుట్టతో సహా పట్టుకున్నాడు. కేసు రాయలేదు. వలలన్నీ తెప్పించి ఆఫీసు ముందు కుప్ప పోసి కాల్చాడు. ఆ తర్వాత పగిడయ్యను ముత్యాలమ్మ గద్దె దగ్గరికి తీసుకుపోయి, ఈ అడవిలో ఇంక వల పరవనని, ఒక్క పిట్ట కోసమైనా పరవనని రాయి మీద చెయ్యి పెట్టించి మాట తీసుకున్నాడు.

పగిడయ్య ఆ మాట తప్పలేదు. మిర్చి కోతకు పోయాడు, తునికాకు కోశాడు, కల్వర్టు పనిలో రాళ్ళు మోశాడు. వాటిలో దేంట్లోనూ ఆయన పనిమంతుడు కాదు. మేస్త్రీలు ఆయన్ని చెయ్యి నిదానమని వెనక్కి నెట్టేవాళ్ళు.

వలను కాల్చిన రామన్నే మళ్ళీ ఆయనకు వల పని చూపించాడు. హైదరాబాద్‌లో పక్షుల మీద పరిశోధన చేసే ఒక సంస్థ నుంచి ఉదయశ్రీ అనే ఆమె వచ్చింది. సత్తుపల్లి వైపు రైతుల బిడ్డ. పిట్టల్ని పట్టి, కాలికి ఉంగరం తొడిగి, వదిలేయడం ఆమె పని. పిట్టకు దెబ్బ తగలకుండా పట్టేవాడు కావాలంటే రామన్న పగిడయ్య పేరు చెప్పాడు. చలికాలం కిన్నెరసాని దగ్గర ఆమెతో పనిచేశాడు. ఆమెకు అటవీశాఖ అనుమతి ఉంది కాబట్టి అక్కడ వల పరవడం తప్పు కాదు.

పోయేటప్పుడు ఆమె చెప్పింది. "మార్చి ఆఖర్లో సముద్రం పని ఉంది పగిడయ్యా. అది కుదిరితే నిన్ను ఫీల్డ్ అసిస్టెంట్‌గా తీసుకోమని నేనే అడుగుతాను. సంస్థ కార్డు ఇస్తుంది."

కార్డంటే ఏమిటో రామన్న విడమరిచి చెప్పాడు. "గది నీ జేబుల ఉంటె నువ్ దొంగవు కాదన్నట్టు. పట్టపగలు వల భుజానేసుకుని నా ముందల్నుంచే పోవచ్చు. నేనే సలాం కొట్టాలె."

పగిడయ్యకు ఆ మాట పట్టుకుంది. పట్టపగలు, వల భుజాన వేసుకుని. తండ్రి కూడా ఎప్పుడూ అలా నడవలేదు.

సముద్రం పని ఇది. రెండేళ్ళ కింద ఉదయశ్రీ కొన్ని ఉల్లంకి పిట్టల కాళ్ళకు ఆకుపచ్చ బిళ్ళ వేసి, దానికి కందిగింజంత యంత్రం కట్టింది. పిట్ట ఏ దేశాల మీదుగా పోయి వచ్చిందో ఆ యంత్రం గుర్తు పెట్టుకుంటుంది. కానీ దానంతట అది చెప్పదు. అదే పిట్టను మళ్ళీ పట్టి, యంత్రం విప్పి చూస్తేనే తెలుస్తుంది. నిరుడు ఒక్కటీ దొరకలేదు. మిల్లు నైలాన్ వలలు తడి బురదలో బరువెక్కి నెమ్మదిగా లేచేవి, ఈలోపు పిట్టలు ఎగిరిపోయేవి. పగిడయ్య ఆ వల చేత్తో ఎత్తి చూసి, కొత్తది అల్లుతానన్నాడు.

సన్న దారంతో అల్లాడు. తుమ్మబెరడు ఉడికించిన నీళ్ళలో నానబెట్టి, బురద రంగు వచ్చేదాకా మూడుసార్లు ముంచి ఆరబెట్టాడు. ప్రయాణం ముందు రోజు దాన్ని మడతపెడుతుంటే భార్య సమ్మక్క వచ్చి నిలబడింది.

"కొత్త వల గట్లనే మూటగట్టుకపోతవా ఏందయ్యా?"

ఆమె అడిగింది దేని గురించో పగిడయ్యకు తెలుసు. వలోళ్ళ ఇంట్లో కొత్త వలకు పడ్డ మొదటి పిట్టను ఉంచుకోరు. అది ముత్యాలమ్మది. కళ్ళకద్దుకుని అక్కడికక్కడే వదిలేస్తారు. వదలకపోతే ఆ వల మళ్ళీ నిండదని నమ్మకం.

"గట్టు మీద ఒక్కసారి పరువు. గువ్వ పడ్తది. అమ్మకు ఇడిసేసి, అప్పుడు తీస్కపో" అంది సమ్మక్క.

"రామన్న సార్‌కు మాటిచ్చిన."

"పట్టి అమ్ముకుంటె గద తప్పు! ఇడిసెటందుకు పడ్తె తప్పేంది?"

"పట్టుడు పట్టుడే."

"అయితె సారునే అడుగు. నోరు లేదా?"

"అడిగితె నవ్వుతడు. కార్డొచ్చే టయానికి నవ్వులపాలెందుకు?"

"ఆ సముద్రం కాడ మొదలు ఏది పడ్తదో నీకెరుకనా?"

"ఏదో కొంగ పడ్తది. ఇడిసేస్త. నువ్ ఊకో."

జీపు నడిపేవాడు జాషువా. పాల్వంచ కుర్రాడు, కరెంటు ప్లాంటు క్వార్టర్లలో పెరిగినవాడు. ఏ సంగతైనా షిఫ్టుల లెక్కలోకి తెచ్చి మాట్లాడతాడు. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే, ఒళ్ళోంచి వల మూట దింపని పగిడయ్యను అద్దంలో చూసి నవ్వాడు.

"మామా, వలకు గూడ సీటు బెల్టు పెట్టమంటవా?"

"నువ్ రోడ్డు చూడు బిడ్డా."

రాత్రికి కాకినాడలో పడుకుని, తెల్లారుతూనే సముద్రం వెంట పోయే రోడ్డెక్కారు. ఉదయశ్రీ ప్రతి మలుపులో జీపు ఆపించింది. పడవ కొయ్య మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న గరుడపక్షిని చూసింది. వలలు దులుపుతున్న బెస్తవాళ్ళ నెత్తి మీద అరుస్తూ తిరిగే సముద్రపు కాకుల్ని చూసింది. ఉప్పుమడుల్లో ఒంటికాలి మీద నిద్రపోతున్న కొంగల్ని చూసి, బైనాక్యులర్ పగిడయ్యకు ఇచ్చింది. ఆయన కాసేపు చూసి తిరిగి ఇచ్చేశాడు.

"దగ్గరికైతే వచ్చినయ్ మేడమ్. చప్పుడే రాలే."

సముద్రాన్ని ఆయన చూడడం అదే మొదటిసారి. గోదావరి కన్నా పెద్దదని విన్నాడు కానీ, పొద్దున్న ఉన్న నీళ్ళు గంటలో అంత దూరం వెనక్కి పోతాయని ఎవరూ చెప్పలేదు.

"ఇందాక ఈడున్న నీళ్ళు ఎటు పోయినయ్ రా?"

"డ్యూటీ దిగినయ్ మామా. సెకండ్ షిఫ్టుకు మల్ల వస్తయ్."

నీళ్ళు పోయిన చోట బురద మెరుస్తూ ఉంది. దాని మీద ఉల్లంకులు వందలుగా పరుగెత్తుతూ ముక్కులు పొడుస్తున్నాయి. పిచ్చుక కన్నా కాస్త పెద్దవి, బురద రంగువి. ఉదయశ్రీ మూడుకాళ్ళ స్టాండు మీద టెలిస్కోపు పెట్టి చాలాసేపు ఒక్కో కాలూ చూస్తూ పోయింది. ఉన్నట్టుండి ఆమె గొంతు మారింది.

"ఉంది. ఆకుపచ్చ బిళ్ళ. యంత్రం కూడా ఉంది."

పగిడయ్యను పిలిచి చూపించింది. ఆయనకు ఈసారి అద్దం నచ్చింది. సన్న కాలు, దాని మీద నల్ల గింజ.

"ఈ వారంలో ఇవన్నీ ఉత్తరానికి వెళ్ళిపోతాయి. అది ఒక్కటి చేతికొస్తే చాలు. రెండేళ్ళ పని" అంది ఆమె.

వారం ఉందన్న మాట ఒక్కటి పగిడయ్య చెవిలో నిలిచింది.

పిట్టలు మేస్తూ వచ్చే దారి చూసుకుని వల పరిచాడు. మేకులు బురదలో నిలవకపోతే సరుగుడు కొమ్మలు నరికి పాతాడు. తాడు మీద బురద కప్పి, ఒడ్డున బోర్లించిన పాత పడవ వెనక కూర్చున్నాడు. పక్కనే జాషువా, పట్టిన పిట్టల్ని ఉంచే గుడ్డ సంచులతో. అక్కడి నుంచి బిళ్ళ కనబడదు. దూరంగా టెలిస్కోపు దగ్గరున్న ఉదయశ్రీ టోపీ ఎత్తితే గుంజాలి.

ఒకసారి మంద వల దాకా వచ్చి పక్కకు పోయింది. ఒక కొంగ వచ్చి సరిగ్గా వల మధ్యలో నిలబడింది. పగిడయ్య తాడు బిగించాడు. దాన్ని పట్టి అమ్మకు వదిలేస్తే ఆయన బాకీ తీరిపోయేది. కానీ గుంజితే మంద మొత్తం లేస్తుంది. ఆగాడు. కొంగ తీరిగ్గా నడుచుకుంటూ పోయింది.

ఎండ ముదిరాక టోపీ లేచింది. పగిడయ్య గుంజాడు.

వల చప్పుడు లేకుండా మూసుకుంది. మంద ఒక్కసారిగా లేచిపోయింది. వల కింద ఒకే ఒక్క పిట్ట కొట్టుకుంటోంది. పగిడయ్య పరుగెత్తి, మోకాళ్ళ మీద కూలబడి, రెండు వేళ్ళ మధ్య మెడ, అరచేతిలో ఒళ్ళు వచ్చేలా దాన్ని విడిపించాడు. కాలికి ఆకుపచ్చ బిళ్ళ ఉంది. నల్ల గింజ ఉంది.

కొత్త వల. మొదటి పిట్ట.

ఉదయశ్రీ బురదలో దిగబడుతూ, లేస్తూ, దూరం నుంచి వస్తోంది. ఆయనకు ఆలోచించేంత సేపు దొరికింది. అడవిలో ఆయన ఎన్నో కొత్త వలలకు ఎన్నో మొదటి గువ్వల్ని వదిలాడు. వదిలిన గువ్వ ఎక్కడికీ పోదు. పొద్దు వాలేలోపు మళ్ళీ ఆ మేత దగ్గరికే వస్తుంది. తర్వాతి గుంజుకు మళ్ళీ పడుతుంది. ఈ పిట్టకూ ఈ బురదే మేత. పైగా వారం ఉంది. అమ్మది అమ్మకు ఇచ్చేస్తే వల నిండుతుంది, సాయంత్రానికి మేడమ్‌ది మేడమ్‌కు దొరుకుతుంది.

పిట్టను కళ్ళకద్దుకుని అరచెయ్యి విప్పాడు. అది ఒక్క క్షణం చేతిలోనే కూర్చుని, కూస్తూ మంద పోయిన వైపు పోయింది.

"మామా!" సంచి పట్టుకుని వెనకే వచ్చిన జాషువా అక్కడే ఆగిపోయాడు. "ఏం పని చేసినవ్ మామా?"

ఉదయశ్రీ రొప్పుతూ వచ్చింది. ఖాళీ వల చూసింది, ఖాళీ సంచి చూసింది. "ఏదీ?"

"జారింది మేడమ్" అన్నాడు జాషువా, గుక్క తిప్పుకోకుండా. "చేతుల నిండ బురద గదా. నేను చూస్తనే ఉన్న. సబ్బుబిళ్ళ జారినట్టు జారింది."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "పోనీలే. నా చేతిలోంచీ జారాయి చాలా. జారిందా పగిడయ్యా?"

జాషువా ఆయన భుజం మీద వేళ్ళు నొక్కాడు. అవ్ అంటే చాలు.

"జారలే మేడమ్. నేనే ఇడిసిన."

"వదిలేశావా? బిళ్ళ చూడలేదా?"

"చూసినా."

ఎందుకో చెప్పాడు. ఎక్కువ మాటలు పట్టలేదు. ఆమె చివరిదాకా విని, మోకాలి దాకా బురదలో నిలబడి అంది. "ఈ సంగతి నాకు నిన్న చెబితే రోడ్డు పక్కన ఏ గోరింకనో పట్టించేదాన్ని కదా. అయిదు నిమిషాల పని."

"నవ్వుతరనుకున్న మేడమ్."

"నవ్వేదాన్నే. నవ్వి పట్టించేదాన్ని."

"మల్ల వస్తది మేడమ్. మేత ఈడనే గద. పొద్దు వాలేటాల్లకు పట్టి ఇస్త" అని పగిడయ్య వల సర్దడానికి వంగాడు.

ఆ మధ్యాహ్నం ఆ వల పనిచేసినట్టు ఏ వలా పనిచేయలేదు. గుంజిన ప్రతిసారీ నిండింది. ఉల్లంకులే కాక పేరు తెలియని పొడుగుముక్కు పిట్టలు, పొట్టికాళ్ళ పిట్టలు పడ్డాయి. ఒక్కటి చావలేదు, ఒక్క ఈక ఊడలేదు. ఉదయశ్రీ తల ఎత్తకుండా ఉంగరాలు తొడిగి వదులుతూ పోయింది. పగిడయ్య విడిపించిన ప్రతి పిట్ట కాలూ ముందుగా తిప్పి చూశాడు.

"నీ ముత్యాలమ్మ మస్తు ఇచ్చింది మామా, మేడమ్ అడిగింది తప్ప" అన్నాడు జాషువా. ఎవరూ నవ్వలేదు. అన్నాక వాడికీ అనకుండా ఉంటే బాగుండుననిపించింది.

సాయంత్రం సముద్రం తిరిగొచ్చింది. బురద మునిగింది. మంద ఇసుకతిన్నె మీద చేరి, మునుపు లేనంత గోలగా కూసింది. గాలి తిరిగి దక్షిణం నుంచి వీచింది. పొద్దు కుంగుతుండగా పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. పగలంతా నీళ్ళను రాసుకుంటూ ఎగిరినవి, ఇప్పుడు పైకి, ఇంకా పైకి పోయి, సరుగుడు తోపు మీదుగా వంగి ఉత్తరానికి సాగాయి.

ఉదయశ్రీ టెలిస్కోపు మూతపెట్టింది. పగిడయ్య తాడు వదల్లేదు.

"దిగుతయ్ మేడమ్. చక్కరగొట్టి మేత కాడికే దిగుతయ్."

"దిగవు. వెళ్ళిపోయాయి."

"వారముందంటిరి?"

"గాలి ఇవాళే తిరిగింది. ఈ గాలి కోసమే అవి ఆగాయి."

"ఎంత దూరం పోతయ్?"

"హిమాలయాల అవతలకి. ఆ పైన ఎక్కడికో తెలుసుకుందామనే కదా ఆ యంత్రం కట్టింది."

"మల్ల ఎప్పుడొస్తయ్?"

"చలికాలానికి. అది బతికుంటే. కాలి మీద యంత్రం ఊడిపోకుంటే."

తిరుగు ప్రయాణంలో జాషువా పాటలు పెట్టలేదు. ఘాట్ దిగి చింతూరులో టీ తాగుతున్నప్పుడు ఉదయశ్రీ గ్లాసు పట్టుకుని పగిడయ్య పక్కకు వచ్చి కూర్చుంది. ఆమె ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

"రేపు ఆఫీసులో చెప్పాలి పగిడయ్యా. పిట్ట చేయి జారిందంటే ఒక్క మాట అని ఊరుకుంటారు. కార్డు ఆగదు. కావాలనే వదిలేశాడంటే మాత్రం ఉంచరు. నేను కూడా ఉంచమని అడగలేను. జారిందనే చెప్తాను. నువ్వూ అదే చెప్పు."

పగిడయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"నా చేతులకెల్లి పిట్ట జారిందని ఎవ్వరికీ చెప్పకుండ్రి మేడమ్."

"కార్డు పోతుందయ్యా!"

"పోతె పోనియ్యి. ఇడిసిన్నని చెప్పుండ్రి. తప్పు చేసిండనుకుంటరు. పనిరానోడని అనుకోరు."

ఆమె లేచింది. వల అయినా తమకు ఇచ్చి వెళ్ళమంది. ఆ మాటకూ ఆయన తల అడ్డంగా ఊపాడు. తన చెయ్యి తెలియనివాళ్ళు ఆ వలను గుంజితే పిట్టల మెడలు విరుగుతాయన్నాడు. జీపు ఆయన్ని గోదావరి గట్టు మీద దించింది. జాషువా మూట అందిస్తూ, "ఒక్క అబద్ధం మామా. నేను రోజుకు పది ఆడ్త" అన్నాడు. ఏడుపు మొహంతో అన్నాడు.

జరిగిందంతా సమ్మక్క విన్నది. అన్నం పెట్టాక అంది. "గట్టు మీద ఒక్క గువ్వను పట్టమంటె నీతి సెప్పినవ్. గాడ పోయి మేడమ్ బంగారాన్నే ఇడిసిపెట్టొచ్చినవ్."

"ఊకో."

"ఊకున్ననని గద గిట్లయింది."

కార్డు రాదని ఫోను రామన్నకే వచ్చింది. వచ్చే చలికాలం నుంచి సంస్థ తన మనుషుల్నే పంపుకుంటుంది. రామన్న మోటారు సైకిలు మీద వచ్చి, దిగకుండానే అడిగాడు.

"వల ఉన్నదా?"

"ఉన్నది సార్."

"పనుండంగ ఉంటె వేరు. ఇప్పుడు నీ ఇంట్ల వల దొరికితె కేసే. నా చేతుల లేదు పగిడయ్యా."

పగిడయ్య లోపలికి పోయి మూట తెచ్చి ముందు పెట్టాడు. రామన్న గట్టు దిగువకు తీసుకుపోయి అగ్గిపుల్ల గీశాడు. దారం పొగ వేసి ఆరిపోయింది. మరో పుల్ల గీశాడు. అదీ అంతే.

"ఉప్పునీళ్ళ తడి సార్. ఆ ఉప్పు తేమ గుంజుకుంట ఉంటది, కాలదు" అన్నాడు పగిడయ్య. "మంచినీళ్ళల కడిగి ఎండేస్త. రేపు మాపటికి రాండ్రి."

మర్నాడు గోదావరిలో దాన్ని మూడుసార్లు జాడించాడు. నీరు పిండి, ముడతలు తీసి, గట్టు మీద రెండు రెక్కలూ వెడల్పుగా పరిచాడు. ఇంకే విధంగా ఆరేయడం ఆయనకు రాదు. పగలు ఎండ బాగా కాసింది. మధ్యాహ్నానికి గువ్వలు వచ్చి వల మీద తిరుగుతూ గింజలు ఏరుకున్నాయి. ఒకటి సరిగ్గా మధ్యకు వచ్చి నిలబడింది.

గుమ్మంలోంచి సమ్మక్క చూసింది. పగిడయ్య అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి ఒకసారి బిగుసుకుని మళ్ళీ వదులైంది. వలకు తాడు లేదు.

సాయంత్రం రామన్న వచ్చేసరికి వల బాగా ఎండింది. ఒక్క పుల్లకే అంటుకుంది.